ఎండ్ టాస్క్ నొక్కే ముందు

(అర్ధవీడు సెంటర్లో చిన్న నెట్ షాపు. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్సు మిషను, ఒక వేలిముద్ర మిషను. షాపు బాబాయిది. అమ్మాయి ఆయన అన్న కూతురు; హైదరాబాదులో ఒక కంపెనీలో సిస్టమ్స్ చూసుకుంటుంది, పండక్కి ఊరొచ్చింది. మధ్యాహ్నం, కంభం పోయే జనం పోయి షాపు పల్చబడిన వేళ.)

బాబాయి: వచ్చినావా తల్లీ, సమయానికొచ్చావు. ఈ రెండో సిస్టమ్ మరీ మొరాయిస్తా ఉంది. ఒక్క వన్‌బీ భూమి కాగితం తీసేలోపల రైతు బయటికిపోయి టీ తాగి వస్తన్నాడు. ఫార్మాట్ కొట్టిపో. నీకెంతసేపు పని?

అమ్మాయి: కొడదాంలే బాబాయ్, కానీ అది ఆఖరి పని. ముందు లోపల ఏం నడుస్తోందో చూడనీ. తెర మీద మనకు కనబడేవి నాలుగైదే అయినా, వెనకాల నడిచే ప్రాసెస్‌లు వందకు పైనే ఉంటాయి. వాటిలో ఏది మనది, ఏది కాదో తేలాలి.

బాబాయి: ఆ తేల్చడం అయింది. మొన్న డిగ్రీ చదివే పిలగాడొకడు హాల్‌టికెట్‌కి వచ్చి టాస్క్ మేనేజర్ తెరిచాడు. "అంకుల్, ఎస్‌వీసీహోస్ట్ అని ఒకటే పేరుతో డెబ్భై ఉన్నాయి, మీ సిస్టమ్ నిండా వైరస్సే" అన్నాడు. చేతికందినదల్లా ఎండ్ టాస్క్ కొట్టాడు. తెర నీలంగా మారి సిస్టమ్ దానంతటదే ఆగి మళ్లీ లేచింది. నేను కడతా ఉన్న కరెంటు బిల్లు మధ్యలో పోయింది. వైరస్ కన్నా వైరస్‌ని వెతికేవాడే ఎక్కువ నష్టం చేస్తాడని నాకు ఆరోజు అర్థమయింది.

అమ్మాయి: ఆ అబ్బాయి పేరు చూసి, లెక్క చూసి భయపడ్డాడు. ఎస్‌వీసీహోస్ట్ విండోస్ సొంత ప్రాసెస్. నెట్ కనెక్షన్, సౌండ్, అప్‌డేట్ లాంటి సర్వీసుల్ని నడిపించేది అదే. ఒకప్పుడు ఒక్క ఎస్‌వీసీహోస్ట్‌లో పది సర్వీసులు సర్దేవాళ్లు. 2017లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి, ర్యామ్ మూడున్నర జీబీ దాటిన సిస్టమ్‌లో చాలా సర్వీసులకు దేనికది విడిగా ఇచ్చారు. ఒకటి చెడితే మిగతావి పడిపోకుండా ఉండాలని. డెబ్భై ఉండటం జబ్బు లక్షణం కాదు.

బాబాయి: అదే గదా నేననేది! విండోస్ పేరుంటే విండోస్‌దే. దాని జోలికి పోకూడదు.

అమ్మాయి: అదీ తప్పే బాబాయ్. వైరస్ రాసేవాడికి పేరు పెట్టుకోవడానికి ఖర్చేముంది? ఎస్ తర్వాత వీ, సీ రావాల్సిన చోట సీ, వీ అని తారుమారు చేసి పెట్టుకున్న వైరస్‌లు ఇరవై ఏళ్ల కిందటే తిరిగాయి. "ఓ" అక్షరం ఉన్నచోట సున్నా పెట్టేవాళ్లున్నారు. అసలు పేరే అచ్చంగా పెట్టుకుని వేరే ఫోల్డర్‌లో కూర్చునేవీ ఉన్నాయి. పేరు నమ్మి వదిలెయ్యడం, పేరు చూసి చంపెయ్యడం రెండూ ఒకటే పొరపాటు. 

బాబాయి: పేరు పనికిరాకపోతే ఇంకేం చూస్తావు?

అమ్మాయి: ఎక్కడుందో చూస్తాను. దాని మీద రైట్ క్లిక్ చేసి "ఓపెన్ ఫైల్ లొకేషన్" అను. అసలైన ఎస్‌వీసీహోస్ట్ సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల సిస్టమ్32లో ఉంటుంది. 64 బిట్ సిస్టమ్‌లో దాని తోబుట్టువు ఇంకొకటి సిస్‌వావ్64లో ఉంటుంది. అదే పేరుది డౌన్‌లోడ్స్‌లోనో, టెంప్‌లోనో, యాప్‌డేటాలోనో దొరికితే అది దొంగే. తర్వాత దాన్ని ఎవరు లేపారో చూస్తాను. అసలుదాన్ని లేపేది సర్వీసెస్ అనే ఇంకో విండోస్ ప్రాసెస్. బ్రౌజరో, వర్డ్ ఫైలో లేపిందంటే అనుమానించాల్సిందే. ఈ తల్లీపిల్లల వరస టాస్క్ మేనేజర్‌లో సరిగా కనబడదు. మార్క్ రుసినోవిచ్ అనే ఆయన చేసిన ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అని ఒకటుంది. ఆయన కంపెనీని 2006లో మైక్రోసాఫ్ట్ కొనేసింది, ఇప్పుడు వాళ్ల సైట్లోనే ఉచితంగా దొరుకుతుంది. అందులో ఎవరి కింద ఎవరున్నారో చెట్టులాగా కనబడుతుంది.

బాబాయి: ఇంకా?

అమ్మాయి: ఎవరి సంతకం ఉందో చూస్తాను. ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ అని ఉంటుంది. ఈ ఫైలు మేమే చేశాం, దారిలో ఎవరూ మార్చలేదు అని తయారుచేసినవాళ్లు చెప్పే మాట అది. ఇందులో ఒక మెలిక ఉంది. నోట్‌ప్యాడ్ లాంటి కొన్ని విండోస్ ఫైళ్లకు ఆ ట్యాబే కనబడదు. వాటి సంతకం ఫైల్లో కాకుండా విడిగా క్యాటలాగ్‌లో ఉంటుంది. ట్యాబ్ లేదని కంగారు పడకుండా ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో వెరిఫై చేయిస్తే తేలిపోతుంది.

బాబాయి: ఆగమ్మా, ఆగు. సంతకం దగ్గర నన్నొక మాట అడగనీ. సీక్లీనర్ గుర్తుందా? ఈ మండలంలో నేను చేతబట్టిన ప్రతి సిస్టమ్‌లోనూ వేసిచ్చాను. చెత్త ఊడ్చే సాఫ్ట్‌వేర్, పేరున్నది, సంతకం ఉన్నది. 2017లో దానికేమయింది?

అమ్మాయి: అయింది. తయారుచేసే చోటే దొంగలు దూరి 5.33 వెర్షన్‌లో తమ కోడ్ కలిపేశారు. ఆగస్టులో విడుదలయింది, సెప్టెంబరులో బయటపడింది. ఇరవై లక్షలకు పైగా కంప్యూటర్లలోకి వెళ్లింది. సంతకం నిఖార్సయినదే.

బాబాయి: మరి? అఫీషియల్ సైట్లో దించుకున్నవాడు, సంతకం చూసినవాడు, ఫోల్డర్ చూసినవాడు, అందరూ మునిగినారు గదా. నువ్వు చెప్పిన పరీక్షలన్నీ అది ఫస్టు క్లాసులో పాసయింది. అట్టాంటప్పుడు నాలాంటోడు ఇదంతా ఎందుకు నేర్చుకోవాల? ఒక యాంటీవైరస్ పెట్టుకుని దేవుడి మీద భారం వేయడం నయం.

అమ్మాయి: నీ ప్రశ్న గట్టిదే, కాదనను. సంతకం ఎవరు చేశారో చెబుతుంది గానీ, ఏం చేశారో చెప్పదు. అయితే అట్లాంటి దాడి చెయ్యడానికి ఒక కంపెనీ లోపలికే దూరాలి. ఎంత ఖర్చు, ఎంత ఓపిక! అంత చేసినవాళ్లు కూడా అసలు దెబ్బ కొట్టడానికి ఎంచుకున్నది పెద్ద పెద్ద టెక్నాలజీ కంపెనీల కంప్యూటర్లనే. మనలాంటి షాపు మీదికి వచ్చేది ఆ రకం కాదు. పెన్‌డ్రైవ్‌లో వచ్చేది, క్రాక్‌తో వచ్చేది, "మీ పార్సిల్ ఆగిపోయింది" అనే మెయిల్‌తో వచ్చేది. వాటిలో చాలావాటికి సంతకం ఉండదు, ఉండే చోటు సరిగా ఉండదు. నా పరీక్షలు అన్నిటినీ పట్టవు. మన గడపదాకా వచ్చేవాటిలో ఎక్కువ వాటిని పడతాయి.

బాబాయి: ఎక్కువ వాటిని పట్టేదానికి యాంటీవైరస్ ఉండనే ఉంది గదా, మళ్లీ నేనెందుకు?

అమ్మాయి: యాంటీవైరస్‌కి తెలియని ఒక సంగతి నీకు తెలుసు: ఈ షాపులో ఏది మామూలు, ఏది కాదు అనేది. 2024 ఫిబ్రవరిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దొంగదారి పెట్టారు. ప్రపంచంలో సర్వర్లు చాలావరకు నడిచే లినక్స్‌లో అది ఉంటుంది. ఏ యాంటీవైరస్సూ పట్టలేదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన పనేదో తను చేసుకుంటుంటే, సర్వర్‌లోకి లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. ఎందుకని తవ్వాడు. మార్చి 29న లోకానికి చెప్పాడు. అది అన్ని సర్వర్లకూ పాకకముందే ఆగిపోయింది.

బాబాయి: అర సెకనా! ఈడ పేజీ తెరుచుకోవడానికే అర నిమిషం పడితే మేము గవర్నమెంటు సైటు బాగా పనిచేస్తందనుకుంటాం. (నవ్వు) సరే, కానీ. నీ పరీక్షలు నా సిస్టమ్ మీద పెట్టు, చూద్దాం.

అమ్మాయి: పెడుతున్నా. ఇదుగో, ఇదేంటి? ఇది 11100 పోర్టు తెరిచి, ఎవరైనా పిలుస్తారేమోనని వింటూ కూర్చుంది. నాకైతే నచ్చలేదు. ఆపేస్తాను.

బాబాయి: చెయ్యి తియ్యి! చెయ్యి తియ్యమ్మా! అది ఆపితే రేపు పొద్దున నా షాపు మూసుకోవాల. అది వేలిముద్ర మిషను ఆర్‌డీ సర్వీసు. ఆధార్ వాళ్లే ఆ పద్ధతి పెట్టింది. మిషన్లో వేలు పెడితే ముద్ర ఆడనే తాళం పడి, ఈ సర్వీసు ద్వారా బ్యాంకు సైటుకి పోవాల. బ్రౌజరు దీన్ని పిలిచేది ఆ పోర్టు మీదనే. 11100 నుంచి 11120 దాకా వెతుక్కుంటది. మిషను కొన్నప్పుడు అది పనిచెయ్యకపోతే కంపెనీ వాళ్లకు ఫోన్ మీద ఫోన్ కొట్టి నేర్చుకున్నా. హైదరాబాదులో ఉండేదానివి, నీకు తెలవదా?

అమ్మాయి: మా ఆఫీసులో వేలిముద్ర మిషన్లు లేవు బాబాయ్. ఒప్పుకుంటున్నాను. చూడు, ఇది 127.0.0.1 మీద మాత్రమే వింటోంది. అంటే ఈ కంప్యూటర్ లోపలి పిలుపే దానికి వినబడుతుంది, బయటివాడిది వినబడదు. అది ముందే చూడాల్సింది. పోర్టు తెరిచి ఉందనగానే దోషి అనేశాను.

బాబాయి: ఆ పిలగాడికీ నీకూ తేడా ఏముంది మరి? వాడు పేరు చూసి కొట్టాడు, నువ్వు పోర్టు చూసి కొట్టబోయినావు.

అమ్మాయి: తేడా ఏంటంటే, నువ్వు చెప్పగానే నేను ఆగాను. ఇంకోటి చూపిస్తాను, ఇది నువ్వు చెప్పు. ఈ ప్రాసెస్ నువ్వు కొట్టే ప్రతి అక్షరాన్నీ మధ్యలో పట్టుకుంటోంది. పాస్‌వర్డులు దొంగిలించే కీలాగర్ చేసే పని సరిగ్గా ఇదే.

బాబాయి: అది అను స్క్రిప్ట్ మేనేజర్ గదమ్మా! తెలుగు టైపింగుది. నేను ఇంగ్లీషు కీబోర్డు మీద కొడితే పట్టుకుని తెలుగు అక్షరం చేసిచ్చిద్ది. పట్టుకోకపోతే తెలుగెట్టా వచ్చిద్ది? పెండ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, తాసిల్దారు గారికి అర్జీలు, అన్నీ దాని మీదే.

అమ్మాయి: చూశావా? చేసే పని ఒకటే. ఒకటి తెలుగు టైపు చేస్తుంది, ఇంకొకటి బ్యాంకు పాస్‌వర్డు ఎత్తుకుపోతుంది. పని చూసి కూడా మనం తీర్పు చెప్పలేం. పట్టుకున్న అక్షరాన్ని ఎక్కడికి పంపుతోంది అన్నది చూడాలి. రిసోర్స్ మానిటర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ చూడు. టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కి బయట ఏదో దేశపు సర్వర్‌తో గంటగంటకూ మాట్లాడే పనేముంది? ఇదైతే ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ కాపీ ఎక్కడిది?

బాబాయి: (కాస్త ఆగి) మార్కాపురంలో డీటీపీ చేసే ఒకతను పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. క్రాక్ కూడా దాంట్లోనే. ఫొటోషాపూ అంతే. అట్టా మొహం పెట్టబాక. ఈ చుట్టుపక్కల ఊళ్లలో డబ్బులు పెట్టి కొని వాడేవాణ్ణి ఒక్కణ్ణి చూపించు.

అమ్మాయి: నీతులు చెప్పడానికి రాలేదు. ఆ క్రాక్ నడిపేటప్పుడు ఏం చేశావో చెప్పు, చాలు.

బాబాయి: అందరూ చేసేదే. యాంటీవైరస్ ఆపమని దాంట్లోనే రాసుంటది. ఆపి, రైట్ క్లిక్ కొట్టి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఇచ్చా.

అమ్మాయి: అంటే కాపలావాణ్ణి ఇంటికి పంపించి, ముక్కూమొహం తెలియనివాడికి తాళాల గుత్తి ఇచ్చావు. ఇంకా యాంటీవైరస్ చూసుకుంటుందంటావేంటి బాబాయ్?

బాబాయి: అయితే ఏమయింది? పని జరగతానే ఉంది గదా. నా డబ్బులు రూపాయి పోలేదు. ఒక్క స్లో అయింది, అంతే. ఇంకో వింత చెప్పనా? ఊరకనే ఉన్నప్పుడు ఫ్యాను గోలగోలగా తిరగతా ఉంటది. ఏందా అని టాస్క్ మేనేజర్ తెరిచినానో లేదో, కాసేపటికి చప్పుడు తగ్గిపోద్ది. దాంట్లో చూస్తే సీపీయూ ప్రశాంతంగా ఉంటది.

అమ్మాయి: ఇది వింత కాదు, ఆధారం! అయితే తొందరపడి తీర్పు ఇవ్వను, ఒకసారి నీ చేతిలో ఓడిపోయాను. దీనికి రెండు కారణాలుండొచ్చు. ఒకటి మంచిదే. ఎవరూ వాడనప్పుడు విండోస్ తన ఇల్లు తను సర్దుకుంటుంది: ఫైళ్ల సూచీ రాసుకోవడం, వైరస్ స్కాన్ చేసుకోవడం. మనం మౌస్ కదపగానే ఆపేస్తుంది. రెండోది చెడ్డది. క్రిప్టో డబ్బు తవ్వే మైనర్‌లు కొన్ని టాస్క్ మేనేజర్ తెరుచుకోగానే పని ఆపి నక్కేలా రాసి ఉంటాయి. ఎవరి కరెంటుతోనో, ఎవరి ప్రాసెసర్‌తోనో తమ లెక్కలు చేయించుకునే రకం అవి.

బాబాయి: రెండిటికీ లక్షణం ఒకటే అయితే తేడా ఎట్టా తెలుసుద్ది?

అమ్మాయి: మౌస్ కదిపితే ఆగుతోందా, టాస్క్ మేనేజర్ తెరిస్తేనే ఆగుతోందా? అది చూడాలి.

బాబాయి: మౌస్ కదిపితే ఆగదు. నేను టైపు చేస్తా ఉన్నప్పుడు కూడా గోలే. అది తెరిస్తేనే ఆగుద్ది.

అమ్మాయి: అదీ మాట. ఇది నాకు తెలియదు, నీకే తెలుసు. అయితే ఆగిపోయినదాన్ని ఎక్కడ వెతకాలి? సిస్టమ్ లేచినప్పుడల్లా అది మళ్లీ లేవాలి కదా, అందుకు ఎక్కడో ఒక చీటీ రాసిపెట్టుకోక తప్పదు. మైక్రోసాఫ్ట్ వాళ్లదే ఆటోరన్స్ అని ఇంకో టూల్ ఉంది, ఆ చీటీలన్నీ ఒకచోట పరుస్తుంది. మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్నవి దాచెయ్యమంటే మిగిలేవి కొన్నే. ఆర్‌డీ సర్వీసు, అను, ప్రింటర్‌ది... ఇదుగో. షెడ్యూల్డ్ టాస్క్. నువ్వు లాగిన్ అయినప్పుడల్లా యాప్‌డేటాలోంచి ఒక ఫైలు లేస్తోంది. పేరు విండోస్ అప్‌డేట్‌ని తలపించేలా పెట్టుకుంది. సంతకం లేదు. ఫైలు పుట్టిన తేదీ చూడు, నీ క్రాక్ ఫోల్డర్ తేదీయే.

బాబాయి: అంటే వైరస్సేనని ఖాయం చేస్తావా?

అమ్మాయి: చోటు, పేరు, సంతకం, పుట్టిన రోజు నాలుగూ ఒకే వైపు చూపిస్తున్నాయి. ఇంకో సాక్షిని పిలుద్దాం. సర్ట్‌యుటిల్ అని విండోస్‌లోనే ఒక కమాండ్ ఉంది. ఫైలుకు షా-256 హ్యాష్ తీస్తుంది, 64 అక్షరాల గుర్తు. మన నల్లమలలో పెట్టిన కెమెరాలకు పడిన పులిని చారలు చూసి ఏ పులో చెబుతారు చూడు, అట్లాంటిది. ఫైలు పేరు మార్చినా, చోటు మార్చినా గుర్తు మారదు. లోపల ఒక్క అక్షరం మారితే మొత్తం మారిపోతుంది. దాన్ని వైరస్‌టోటల్ సైట్లో వెతికితే డెబ్భై దాకా యాంటీవైరస్‌లు ఆ ఫైలు గురించి ఏమన్నాయో చూపిస్తుంది. 2004లో స్పెయిన్‌లో మొదలయింది, 2012 నుంచి గూగుల్‌ది.

బాబాయి: ఫైలే ఎక్కించేయొచ్చుగా, ఈ తిప్పలెందుకు?

అమ్మాయి: ఎక్కించొచ్చు, కానీ అక్కడ ఎక్కించిన ఫైళ్లను చాలామంది పరిశోధకులు, కంపెనీలు దించుకోగలరు. వైరస్ అయితే ఫరవాలేదు. అనుమానమని చెప్పి రైతు పాసుబుక్ పీడీఎఫ్ ఎక్కించావనుకో, అది లోకం చేతిలో పెట్టినట్టే. అందుకే ముందు హ్యాష్ మాత్రం వెతకాలి. ఇదుగో, సగానికి పైగా ఎర్రగా చూపిస్తున్నాయి. చాలావాటి మాట ఒకటే: మైనర్.

బాబాయి: సరే, దొరికింది. ఇప్పుడు నా మాట విను. కరెంటు కొంచెం తింటది, సిస్టమ్ స్లో చేస్తది. దొంగే, కానీ చిల్లర దొంగ. దీనికోసం రెండు రోజులు షాపు మూసి, సాఫ్ట్‌వేర్లన్నీ మళ్లీ వేసుకునే కన్నా, ఆ టాస్క్ తీసేసి ఊరుకుంటే పోలా?

అమ్మాయి: ఇవాళ మైనర్. రేపు అదే దారిలో ఇంకేదైనా రావచ్చు. అడ్మిన్ హక్కులు ఇచ్చేశావు. లోపలున్నవాడు బయటి యజమాని ఏం పంపితే అది దించుకుంటాడు. హైదరాబాదు మహేష్ బ్యాంకు సంగతి విన్నావా?

బాబాయి: పన్నెండు కోట్లు పోయినాయని పేపర్లో చదివా.

అమ్మాయి: పన్నెండు కోట్ల 48 లక్షలు, 2022 జనవరిలో. కానీ దొంగ వచ్చింది జనవరిలో కాదు. 2021 నవంబరులో ఆ బ్యాంకు ఉద్యోగులకు రెండు వందలకు పైగా మెయిళ్లు వెళ్లాయి. వాటిని తెరిచింది ఇద్దరే. ఆ తెరవడంతో రిమోట్ యాక్సెస్ ట్రోజన్ లోపల చేరింది. రెండు నెలలకు పైగా బ్యాంకు మామూలుగానే నడిచింది. డిపాజిట్లు కట్టించుకున్నారు, చెక్కులు పాస్ చేశారు. నీలాగే వాళ్లకూ పని జరుగుతూనే ఉంది. వెనకాల ఒక ప్రాసెస్ అంతా చూస్తూ నేర్చుకుంటోంది. తర్వాత 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది. పని ఆగలేదు కాబట్టి దొంగ లేడు అనుకోవడం ఎంత ఖరీదైన నమ్మకమో చూడు.

బాబాయి: బ్యాంకంటే కోట్లు. నా దగ్గరేముందని వస్తాడు?

అమ్మాయి: డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరువు.

బాబాయి: ...

అమ్మాయి: మాగుటూరు నుంచి, కాకర్ల నుంచి, యాచవరం నుంచి వచ్చినవాళ్ల ఆధార్ కార్డులు, పాసుబుక్‌లు, బ్యాంకు ఖాతా మొదటి పేజీలు, పిల్లల సర్టిఫికెట్లు. స్కాన్ చేశావు, అప్‌లోడ్ చేశావు, వదిలేశావు. నీ రూపాయి పోలేదన్నది నిజమే. ఇందులో నీది ఒక్క కాగితం కూడా లేదు.

బాబాయి: (కుర్చీ ముందుకు లాక్కుని) అదొకటి నేను ఆలోచించలేదమ్మా. వాళ్లకు కంప్యూటరంటే ఏందో తెలవదు. నా మొహం చూసి వేలు పెడతారు. అయితే నేనూ ఒకటి అడగాల. నువ్వు ఇంతసేపు పరీక్షించావు. ఆ ఫైలు తీసేశాక, "బాబాయ్, ఇంక ఈ సిస్టమ్ సేఫు, ధైర్యంగా వేలు పెట్టించుకో" అని నాకు మాటిస్తావా? అవునో కాదో చెప్పు.

అమ్మాయి: ఇవ్వలేను.

బాబాయి: మరి ఈ విద్య ఎందుకు?

అమ్మాయి: మంచి ప్రాసెస్ లోపలికే దూరి కూర్చునే కోడ్ ఉంటుంది, అప్పుడు పేరూ చోటూ సంతకమూ అన్నీ అసలువే కనబడతాయి. టాస్క్ మేనేజర్‌కే కనబడకుండా విండోస్ కిందకి దిగిపోయేవీ ఉంటాయి. డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ అని ఉంది, విండోస్ లేవకముందే వెతుకుతుంది, పావుగంట పడుతుంది. అది కూడా పూచీ కాదు. ఒకసారి అడ్మిన్ హక్కులతో క్రాక్ నడిచిన సిస్టమ్‌కి నేను పూచీ ఇవ్వను. చెడ్డదని రుజువు చెయ్యొచ్చు బాబాయ్, మంచిదని రుజువు చెయ్యడం కుదరదు.

బాబాయి: ఇప్పుడు నువ్వు నా దారిలోకి వచ్చినావు. మొదట్నుంచీ ఫార్మాట్ కొట్టమనేగా నేనంటా ఉండేది!

అమ్మాయి: కొట్టి, తర్వాత?

బాబాయి: తర్వాత అన్నీ మళ్లీ ఎక్కిస్తా.

అమ్మాయి: ఏ పెన్‌డ్రైవ్ నుంచి?

బాబాయి: (నవ్వేస్తూ) అదే పెన్‌డ్రైవ్ నుంచి.

అమ్మాయి: అందుకే ముందే కొట్టొద్దన్నాను. దేనివల్ల వచ్చిందో తెలియకుండా ఫార్మాట్ కొడితే మళ్లీ అదే వస్తుంది. ఇప్పుడు తెలిసింది, ఇప్పుడు కొట్టొచ్చు.

బాబాయి: కానీ డబ్బుల సంగతి నువ్వు తేల్చలా. ఫొటోషాపు నెలనెలా కట్టి కొంటే నేను పాస్‌పోర్టు ఫొటో ఎంతకమ్మాల? తెలుగు డీటీపీ లేకుండా పెండ్లిళ్ల సీజను ఎట్టా గడవాల? నీ భద్రతకు నా బతుకు ఫీజు కట్టమంటే కుదరదు.

అమ్మాయి: అది న్యాయమైన మాట. కొంత భారం తగ్గించగలను. యూనికోడ్ తెలుగు విండోస్‌లోనే ఉంది, గూగుల్ తెలుగు ఫాంట్లు ఉచితం. అర్జీలకు అవి చాలు. పాస్‌పోర్టు ఫొటోలకు గింప్ చాలు, అదీ ఉచితమే. పెండ్లి పత్రికలకు చాలవు, ప్రెస్ వాళ్లకు అను ఫాంట్లే కావాలి. అక్కడ నా దగ్గర జవాబు లేదు. కొనుక్కోవడమో, ఆ పని వదులుకోవడమో.

బాబాయి: ఉండు, నాకొకటి తడతా ఉంది. రెండు సిస్టమ్‌లు ఉన్నాయి గదా. నువ్వు ఇందాకటి నుంచి "ఈ ప్రాసెస్ మంచిదా చెడ్డదా" అని అడగతా ఉన్నావు. వేలు పెట్టే మిషను పక్కన తెలియని ప్రాసెస్ ఉంటే దడే. అదే ప్రాసెస్ ఒట్టి పెండ్లి పత్రికల పక్కన ఉంటే, పోతే పెండ్లికొడుకు పేరు పోద్ది. ప్రాసెస్‌ని కాక పనిని విడదీస్తే?

అమ్మాయి: ఇది నేను ఆఫీసులో పెద్ద పెద్ద మాటల్లో చెప్పేది, నువ్వు ఒక్క మాటలో చెప్పావు. ఒకటి వేలిముద్రలకు, సర్కారు సైట్లకు, బ్యాంకు పనికి. దానికి తాజా విండోస్, ఆర్‌డీ సర్వీసు కంపెనీ సైటు నుంచే, ఒక బ్రౌజర్, ప్రింటర్ డ్రైవర్. ఇంక ఏదీ ఎక్కించకూడదు. రోజూ వాడేది మామూలు ఖాతా, అడ్మిన్ ఖాతా విడిగా. బయటివాళ్ల పెన్‌డ్రైవ్ దాని గడప తొక్కకూడదు. అప్పుడు టాస్క్ మేనేజర్ చదవడం కూడా తేలికవుతుంది. ఉండాల్సినవి ఏవో నీకు వేళ్ల మీద తెలుసు కాబట్టి కొత్తది వస్తే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నాకు హైదరాబాదు నుంచి ఫోన్ చెయ్యనక్కర్లేదు.

బాబాయి: రెండోది డీటీపీకి. దానికి నెట్ వైరు తీసేస్తా.

అమ్మాయి: నెట్ లేకపోతే మైనర్ కూడా తవ్వి పంపలేదు, ఇంకోడు ఇంకోటి దించలేడు. కానీ ఆ సిస్టమ్‌లో తీసిన ఫైలు పెన్‌డ్రైవ్‌లో పెట్టి మొదటిదానికి తేవడం మొదలుపెట్టావంటే గోడ కట్టి తలుపు తీసిపెట్టినట్టే. ప్రింటర్ రెండోదానికి కూడా కలుపు, అక్కడివి అక్కడే తియ్యి. క్రాక్ సంగతి అలాగే మిగిలిపోయింది, దానికి మాత్రం నేను సరే అనడం లేదు.

బాబాయి: నువ్వు అనకపోతే నేను కూడా అనిపించుకోను. ఈ సీజను పోనీ, చూద్దాం. ఇంకోటి, అప్‌డేట్లు. డేటా అయిపోతందని ఆపి పెట్టినాను.

అమ్మాయి: మొదటిదానికి తప్పనిసరిగా తెరువు. 2017 మే 12న వానాక్రై అనే వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లే ఆగిపోయాయి, తిరుమల దేవస్థానం ఆఫీసు కంప్యూటర్లకూ తగిలింది. దానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చేసింది. రెండు నెలలైనా చాలామంది వేసుకోలేదు. రాత్రి షాపు మూశాక దించుకునేలా పెడతాను, పగలు నీ డేటా ముట్టుకోదు.

బాబాయి: పాస్‌వర్డులు?

అమ్మాయి: అన్నీ మార్చాలి, కానీ ఈ సిస్టమ్‌లో కూర్చుని మార్చకూడదు. మార్చిన కొత్తది కూడా వాడికే చేరుతుంది. నీ ఫోన్లో మార్చు, లేదా ఫార్మాట్ అయ్యాక కొత్త సిస్టమ్‌లో. ముందు బ్యాంకు పోర్టల్, తర్వాత మెయిల్. కస్టమర్ ఎవరైనా డబ్బు పోయిందని వస్తే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఇవాళే ఖాళీ చేద్దాం. ఇకమీద పని అయిన వెంటనే, ఆ మనిషి ఎదురుగానే డిలీట్ చెయ్యి. లేనిదాన్ని ఎవడూ దొంగిలించలేడు.

బాబాయి: ఆళ్ల ఎదురుగానా? బాగుంది. జనానికి కూడా తెలుసుద్ది, వాళ్ల కాగితం నా దగ్గర మిగల్లేదని. కానీ ఫార్మాట్ ఇప్పుడొద్దు. సాయంత్రం బ్యాంకు డబ్బులు తీసుకునేవాళ్లు వస్తారు.

అమ్మాయి: వాళ్లను ఈ సిస్టమ్ మీదే వేలు పెట్టమంటావా? ఇంత తెలిశాక?

బాబాయి: (వేలిముద్ర మిషను వైరు పీకి చేతిలోకి తీసుకుని) అదీ నిజమే. మొదటి సిస్టమ్‌ని చూడు ముందు. అది శుభ్రంగా ఉంటే దానికి తగిలిస్తా. లేదంటే బోర్డు పెడతా, రేపు రమ్మని. ఒక పూట బేరం పోతే పోయింది.

అమ్మాయి: దాన్లోనూ ఆ పెన్‌డ్రైవ్ పెట్టావా?

బాబాయి: పెట్టా.

అమ్మాయి: అయితే బోర్డే రాయి బాబాయ్. రెండూ కొడదాం.